ఇటలీ విమానానికి ఎదురుకోలు

నేను చెప్పబోయేది ఒక ఘోరం. గుండె జబ్బున్నవాళ్ళు కూడా నిర్భయంగా చదవొచ్చు. నవ్వితే గుండెకు మంచిదని మా డాక్టర్ పరంధామయ్య గారే అన్నారు, పైగా ఆ ఘోరంలో ఆయనకూ వాటా ఉంది. తెలుగువాళ్ళలో విమానం ఎక్కినవాళ్ళు లక్షల మంది. విమానం తప్పిపోయినవాళ్ళు వేల మంది. విమానంలో ఆవకాయ జాడీ పగలగొట్టి మూడు వరుసల వాళ్ళను ఏడిపించినవాళ్ళు వందల్లోనైనా ఉంటారు. కానీ ఒక విమానానికి బొట్టు పెట్టించి, హారతి ఇప్పించి, కొబ్బరికాయ కొట్టించి, డప్పు వాయించి, ఆ తర్వాత మొహం ఎక్కడ దాచుకోవాలో తెలియక అరిజోనా ఎడారిలో నాగజెముడు పొద వెనక్కి వెళ్ళి నిలబడ్డవాడిని మాత్రం నేనొక్కడినే అనుకుంటాను. పొద వెనక నిలబడితే ముళ్ళు గుచ్చుకుంటాయని కూడా ఆ రోజే తెలిసింది.

మొదటి నుంచీ చెబుతాను.

అప్పట్లో నేను న్యూజెర్సీలో కొత్తగా ఉద్యోగంలో చేరిన బ్రహ్మచారిని. నా రూమ్మేట్ శ్రీనివాస్‌ది వరంగల్. ఒక వేసవిలో ఇద్దరం ఇటలీ చూడాలనుకున్నాం. అన్నిటికంటే చవగ్గా దొరికిన టికెట్ సోలెమారే అనే ఇటలీ కంపెనీది. ఆ పేరుకి సూర్యుడూ సముద్రమూ అని అర్థమట. మామూలు విమానాల కంపెనీ కాదది, సెలవుల కంపెనీ. చలికాలంలో ఇటలీ వాళ్ళను మాల్దీవులకూ, జాంజిబార్‌కూ, ఎర్రసముద్రం ఒడ్డుకూ మోసుకెళ్ళి, వడియాల్లాగా ఇసుకలో ఎండబెట్టి, రెండు వైపులా ఎర్రబడ్డాక మళ్ళీ ఇంటికి చేర్చడం దాని వృత్తి. వేసవిలో మాత్రం న్యూయార్క్ దాకా వచ్చి, అమెరికాలో స్థిరపడ్డ ఇటాలియన్లను వాళ్ళ తాతల ఊళ్ళకు తీసుకెళ్ళేది.

ఎక్కిన కాసేపటికే నాకర్థమైంది, అది విమానం కాదు, పెళ్ళివారి బస్సు. ఎవరి సీట్లో వాళ్ళు లేరు. ముందు వరుసలో వదినగారు వెనక వరుసలో ఆడపడుచును కేకేసి పిలుస్తోంది. నా పక్కన కూర్చున్న ముసలావిడ కమలాపండు ఒలిచి, అడక్కుండానే నా చేతిలో సగం పెట్టింది. భోజనం వచ్చింది. అందులో మాంసం ఉంది. నేను మూత మళ్ళీ పెట్టేశాను. అది చూసి, ఒత్తు మీసాల స్టూవార్డ్ ఒకాయన పరిగెత్తుకొచ్చాడు.

"ఎందుకు తినడం లేదు?"

"నేను వెజిటేరియన్."

ఆ మాటకి ఆయన మొహం చావు కబురు విన్నట్టు అయిపోయింది. లోపలికి వెళ్ళి, సిబ్బంది తమకోసం తెచ్చుకున్న టమాటా పాస్తా వేడిచేసి తెచ్చి, పైన ఎండుమిరప కారం చల్లి, నేను తినేదాకా పక్కనే నిలబడ్డాడు. అయిపోగానే ఇంకొంచెం తెచ్చాడు. వద్దంటే వినలేదు. అమెరికా వచ్చాక నాకు మారు వడ్డించిన మొదటి మనిషి ఆయనే. విమానం నేలను తాకగానే అందరూ చప్పట్లు కొట్టారు. శ్రీనివాస్ సీటు మీద మోకాళ్ళు పెట్టి విజిల్ వేశాడు.

అంతే. ఆ రోజు నుంచి నేను సోలెమారే మనిషినైపోయాను. కొందరు సినిమా హీరోకి అభిమానులవుతారు, కొందరు క్రికెట్ టీముకి. నేను ఎన్నడూ ఒక్క షేరైనా కొనని, ఆ ప్రయాణం తర్వాత మళ్ళీ ఒక్కసారి కూడా ఎక్కని ఒక ఇటలీ విమానాల కంపెనీకి అభిమానినయ్యాను. ఇంతటి నిస్వార్థమైన అభిమానం చరిత్రలో అరుదు.

తర్వాత నాకు అరిజోనాలో, కంప్యూటర్ చిప్పులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చి, ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్ చేరాను. కొన్నాళ్ళకి శ్రీనివాస్ కూడా అక్కడికే వచ్చాడు. అవి సోలెమారేకి మహర్దశ నడుస్తున్న రోజులు. కొత్త విమానాలు వస్తున్నాయి, కొత్త ఊళ్ళకి వెళ్తున్నాయి. చాండ్లర్‌లో ఎవరింటికి భోజనానికి పిలిచినా, పప్పు గిన్నె నా దాకా వచ్చేలోపు నేను ఆ ప్రస్తావన తెచ్చేసేవాడిని.

"మావాళ్ళు క్యూబాకి కూడా మొదలుపెట్టారండీ," అన్నాను ఒకసారి డాక్టర్ పరంధామయ్య గారితో. ఆయన గుంటూరు నుంచి ఎప్పుడో వచ్చి, గుండె డాక్టరుగా చేసి రిటైరయిన పెద్దమనిషి. ఊళ్ళో తెలుగువాళ్ళందరికీ పెద్దదిక్కు.

"క్యూబాలో మీవాళ్ళెవరున్నారోయ్?" అన్నారాయన కంగారుగా.

"మావాళ్ళంటే సోలెమారే వాళ్ళండీ."

ఆయన కాసేపు నా వైపు చూసి, ముంజేయి పట్టుకుని నాడి చూశారు.

పెళ్ళిచూపుల్లో సుజాత, "మీకు బాగా ఇష్టమైనదేంటి?" అని అడిగినప్పుడు కూడా నేను ఇదే మొదలుపెట్టాను. జాంజిబార్ దాకా వచ్చేసరికి వాళ్ళ నాన్నగారు కునుకు తీశారు. సుజాత మాత్రం కళ్ళార్పకుండా విన్నది. ఈ అమ్మాయే నాకు తగినదని అక్కడికక్కడే తేల్చుకున్నాను. పెళ్ళయ్యాక అసలు సంగతి బయటపడింది.

"మీరు ఎయిర్‌లైన్‌లో పని చేస్తున్నారనుకున్నానండీ. ఫ్రీ టికెట్లు వస్తాయేమోనని ఒప్పుకున్నా."

ఆ తర్వాత రోజులు మారాయి. పెట్రోలు ధర పెరిగింది. ఇటలీ వాళ్ళ దగ్గర డబ్బులు తగ్గాయి. ఈజిప్టులో గొడవలు మొదలై, ఎర్రసముద్రం ఒడ్డుకి వెళ్ళేవాళ్ళు ఇంట్లోనే కూర్చున్నారు. ఉన్నవాళ్ళను చవక కంపెనీలు ఎగరేసుకుపోయాయి. సోలెమారే విమానాల్లో వేడి భోజనం పోయి బిస్కెట్టు వచ్చిందని విన్నాను.

"తేలిగ్గా తింటే ప్రయాణంలో ఒంటికి మంచిది," అన్నాను.

న్యూయార్క్ రావడం మానేశారు. "అక్కడంతా రద్దీ. ప్రశాంతమైన ఊరు వెతుక్కుంటున్నారు," అన్నాను.

"అన్నా, నీ కంపెనీ మునుగుతున్నది గదనే," అన్నాడు శ్రీనివాస్.

"పెద్ద గెంతు వేసేముందు ఒక అడుగు వెనక్కి వేస్తారు శ్రీనూ."

"అడుగు గాదన్నా. ఎనకకు ఉరుకుతున్నరు."

ఇలా ఉండగా సుజాతకు నెల తప్పింది. వాళ్ళమ్మగారు అప్పటికే మా ఇంట్లో ఉన్నారు. చుట్టపుచూపుగా తెనాలి నుంచి వచ్చారు గానీ, వీసా గడువు కాన్పు దాకా లేదు. ఒకసారి ఇంటికి వెళ్ళి మళ్ళీ రావాలి. అక్కడే వచ్చింది చిక్కు. అత్తయ్య గారు వచ్చేటప్పుడు దారిలో విమానాలు మారారు. యూరప్‌లో ఏదో ఎయిర్‌పోర్ట్‌లో, చీర కట్టుకున్న ఒకావిడ కనిపిస్తే మనవాళ్ళే కదా అని వెనకాలే వెళ్ళారట. ఆవిడ వెళ్ళింది కెనడా విమానం దగ్గరికి. అక్కడి నుంచి ఎవరో చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి వెనక్కి తోసుకొస్తే, కాళ్ళు బాగానే ఉన్నాయని చెప్పడానికి ఇంగ్లీషు రాక, సిగ్గుతో కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని వచ్చారట.

"కాన్పుకి నేను రాలేనమ్మా," అని ఆవిడ సుజాతతో ఖరాఖండిగా చెప్పేశారు. "ఎక్కితే ఇక్కడ దిగాలి. మధ్యలో దిగి, ఆ అద్దాల ఊళ్ళలో తిరగడం నా వల్ల కాదు."

సుజాత దిగులు వంటలో తెలిసిపోయేది, ఆ రోజు నుంచి మా ఇంట్లో చారులో ఉప్పు ఒక రోజు ఎక్కువ, ఒక రోజు అసలే లేదు. నాకు చాలా బాధగా ఉండేది. ఏదైనా చెయ్యాలి. ఏం చెయ్యాలి?

సరిగ్గా అప్పుడే, చెత్తబుట్ట వీధిలో పెట్టడానికి వెళ్ళిన నాకు పక్కింటి గ్యారీ ఎదురయ్యాడు. గ్యారీ చాలా మంచివాడు. టూసాన్ వెళ్ళే దారిలో, ఎడారి మధ్యలో ఉన్న ఒక చిన్న విమానాశ్రయంలో ఉద్యోగం చేస్తాడని తెలుసు. అక్కడ ఏం పని చేస్తాడో నేనెప్పుడూ అడగలేదు. మేమిద్దరం కలిసినప్పుడల్లా మాట్లాడేది నేనే, అదీ సోలెమారే గురించే. అతనికి అవకాశం ఎక్కడిది?

"భాస్కర్, నీ ఇటలీ విమానం ఒకటి శనివారం పొద్దున్న మా దగ్గరికి వస్తోంది," అన్నాడు గ్యారీ. "నీకు అక్కడ ఉండాలనిపిస్తుందేమోనని చెబుతున్నా."

చెత్తబుట్ట నా కాలి మీద పడింది. నొప్పి కూడా తెలియలేదు.

"ఇక్కడికా? అరిజోనాకా?"

"అవును. మొదటిది ఇదే. మిగతావి వెనకాలే వస్తాయి."

"వచ్చి వెళ్ళిపోతుందా?"

"లేదు. ఇక ఎప్పటికీ ఇక్కడే." గ్యారీ నా భుజం మీద చెయ్యి వేశాడు. "చివరికి అందరూ అరిజోనాకే చేరతారు కదా."

అతని కళ్ళు కాస్త తడిగా ఉన్నాయి. పాపం, పుప్పొడి పడలేదేమో అనుకున్నాను. మీకు ఇప్పటికే ఏదో అనుమానం వచ్చి ఉంటుంది. మీరు తెలివైనవారు. నేను మాత్రం ఇంట్లోకి పరిగెత్తాను.

"సుజాతా! సోలెమారే ఇక్కడికి వచ్చేస్తోంది! అరిజోనా నుంచి ఇటలీకి! అదే విమానం అక్కడి నుంచి హైదరాబాద్ కూడా వేస్తారు చూడు. అత్తయ్య గారు ఇక్కడ ఎక్కి హాయిగా నిద్రపోవచ్చు!"

"గ్యారీ అలా చెప్పాడా?"

"గ్యారీ చెప్పినదానికి అర్థం అదే."

"ఆయన ఏమన్నాడో చెప్పండి. అర్థం నేను చెప్తా."

చెప్పాను. ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. "ఎడారిలో ఆ చిన్న ఎయిర్‌పోర్ట్‌కి ఎందుకండీ? ఫీనిక్స్‌లో పెద్దది ఉండగా?"

"అద్దె తక్కువ," అన్నాను, ఆ కంపెనీ జమాఖర్చులన్నీ నేనే చూస్తున్నట్టు.

అత్తయ్య గారు మాత్రం ఆ మాటకి చేతులు జోడించి పైకి చూశారు. "ఎంత మంచి కబురు చెప్పారు బాబూ! అయితే మొదటి విమానానికి మనం వెళ్ళి హారతి ఇవ్వాల్సిందే. దాన్ని నమ్ముకునే కదా నేను రావాలి!"

అక్కడితో ఆగినా బాగుండేది. నేను డాక్టర్ పరంధామయ్య గారికి ఫోన్ చేశాను. మోకాళ్ళ నొప్పులతో విమానాలు మారలేక ఇండియా వెళ్ళడమే మానేసిన ఆయన, ఫోన్‌లోనే లేచి నిలబడ్డంత పని చేశారు. సాయంత్రానికి తెలుగువాళ్ళ ఈమెయిల్ గ్రూపులో ఆయన పేరుతో ఉత్తరం వచ్చింది: మన భాస్కర్ కృషి ఫలితంగా ఇటలీ విమానాలు మన ఊరికి వస్తున్న శుభసందర్భాన అందరూ తరలిరావాలని. నా కృషి! చదివి సిగ్గుపడ్డాను, కానీ దిద్దలేదు.

శనివారం పొద్దున్నే కార్లు వరసకట్టి బయల్దేరాయి. పట్టుచీరలు, సెంటు వాసనలు, పెద్ద గిన్నెలో అత్తయ్య గారి పులిహోర. శ్రీనివాస్ తెలుగు సంఘం వాళ్ళ డప్పు తెచ్చాడు. డాక్టర్ గారు సూటు వేసుకుని, స్వాగతోపన్యాసం జేబులో పెట్టుకున్నారు.

ఆ విమానాశ్రయం దగ్గర పడేకొద్దీ నా ఛాతీ పొంగిపోయింది. ఎన్ని విమానాలో! కనుచూపు మేర ఎడారిలో వరసలు వరసలుగా నిలబడి ఉన్నాయి.

"చూశారా, ఎంత బిజీ ఎయిర్‌పోర్టో!" అన్నాను.

"ఒక్క మనిషి లేడేందన్నా?" అన్నాడు శ్రీనివాస్.

"అందరూ లోపల చెక్-ఇన్‌లో ఉంటారు."

"కిటికీలకు ఎండి రేకులు అంటిచ్చిండ్రు."

"ఎండకి శ్రీనూ. మన కార్లకు పెట్టుకోమా?"

"గీ విమానానికి ఇంజన్లే లేవు గదనే!"

"సర్వీసింగ్‌కి వెళ్ళి ఉంటాయి."

"తోక గూడ సర్వీసింగ్‌కే పోయిందా?"

నిజమే, ఒకదానికి తోక లేదు. నేను రేడియో సౌండ్ పెంచాను.

గేటు దగ్గర గ్యారీ మా పటాలాన్ని చూసి టోపీ తీసి ఛాతీకి ఆనించుకున్నాడు. "ఇంతమంది వస్తారనుకోలేదు, భాస్కర్. పూలు కూడా తెచ్చారా! ఇలాంటి రోజు ఎప్పుడూ కష్టంగానే ఉంటుంది."

"కష్టమేముంది? దారంతా ఖాళీ, ఒక్కచోట కూడా ఆగలేదు," అన్నాను.

గ్యారీ తల ఊపి, మమ్మల్నందరినీ లోపలికి తీసుకెళ్ళి ఒక గీత వెనక నిలబెట్టాడు. కాసేపటికి ఆకాశంలో చుక్క కనిపించింది. చుక్క రెక్కలు విప్పుకుంది. తెల్లటి ఒళ్ళు, తోక మీద పసుపుపచ్చ సూర్యుడు, కింద నీలి అల. నా సోలెమారే! విమానం మెత్తగా దిగి, నెమ్మదిగా మా ముందుకు వచ్చి ఆగింది. శ్రీనివాస్ డప్పు అందుకున్నాడు.

అత్తయ్య గారు పళ్ళెంలో కర్పూరం వెలిగించి, ముందు చక్రానికి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. ముక్కలు నలువైపులా ఎగిరాయి. మామూలుగా విమానాల దగ్గర చిన్న గులకరాయి ఉన్నా ఊరుకోరట, ఇంజిన్లోకి వెళ్తుందని. నేను భయపడుతూ గ్యారీ వైపు చూశాను.

"ఫర్వాలేదు," అన్నాడు గ్యారీ మెల్లగా. "ఇక ఆ ఇంజిన్లు తిరగవు."

ఇవాళ్టికి తిరగవు కాబోలు అనుకున్నాను. చూశారా, మనిషి ఒకసారి నమ్మడం మొదలుపెడితే చెవులు కూడా వాడి పక్షానే పనిచేస్తాయి.

మెట్లు ఆనించారు. నెరిసిన జుట్టు కెప్టెన్ ఒకాయన, వెనక కుర్ర పైలట్ ఒకడు దిగారు. ఇంకెవరూ దిగలేదు. మొదటి రోజు కదా, ప్రయాణికులు ఉండరు. అత్తయ్య గారు కెప్టెన్ నుదుట బొట్టు పెట్టారు. సుజాత దండ అందిస్తే డాక్టర్ గారు మెడలో వేశారు. కెప్టెన్ మా అందరి వైపూ ఒకసారి చూసి, విమానం వైపు తిరిగి చూసి, భోరుమని ఏడ్చాడు.

"ఆనందం!" అన్నాను అందరికీ వినబడేలా. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆయన పేరు బ్రూనో. ఇంగ్లీషు అంతంతమాత్రం. నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "మీకెలా తెలుసు? ఎవరూ రాలేదు. మిలాన్‌లో మా ఆఫీసు నుంచి కూడా ఒక్కడు రాలేదు."

"తెలియకపోవడమేమిటండీ! ఏళ్ళ తరబడి ఈ రోజు కోసమే ఎదురుచూస్తున్నాం!"

కెప్టెన్ ఏడుపు ఆగిపోయింది. "ఈ రోజు కోసమా?"

"ఊరంతా! ఇంత సంతోషమైన రోజు మాకు మళ్ళీ రాదు!"

"సంతోషమా?" కెప్టెన్ ఒక అడుగు వెనక్కి వేశాడు. కుర్ర పైలట్ ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు.

అప్పటికే డాక్టర్ గారు జేబులోంచి కాగితం తీసి, గొంతు సవరించుకుని ఇంగ్లీషులో అందుకున్నారు. "కెప్టెన్ గారూ! ఇది ఆరంభం మాత్రమే. మీ కంపెనీ విమానాలు ఒకదాని వెనక ఒకటి, ఒక్కటి కూడా మిగలకుండా, అన్నీ ఇక్కడికే రావాలని మేము మనస్ఫూర్తిగా దేవుణ్ణి ప్రార్థిస్తున్నాం!"

డప్పు దద్దరిల్లింది. కెప్టెన్ మొహంలో రక్తం చుక్క లేదు. అత్తయ్య గారు నా చెవి దగ్గర, "ఏమంటున్నాడు బాబూ?" అన్నారు.

"పొంగిపోతున్నాడు అత్తయ్య గారూ."

"మరి ఎప్పుడు తిరిగి బయల్దేరుతుందో అడగండి. నేను సర్దుకోవాలి కదా."

అడిగాను. కెప్టెన్ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. "బయల్దేరడమా? సోమవారం ఇంజిన్లు విప్పేస్తారు. తర్వాత సీట్లు. తర్వాత..." అని చెయ్యి మెడ మీద అడ్డంగా గీసుకున్నాడు. మెళ్ళో దండ కూడా ఉండటం వల్ల ఆ దృశ్యం చాలా అర్థవంతంగా కనిపించింది.

నేను గ్యారీ వైపు తిరిగాను. గ్యారీ టోపీ నలుపుతూ, "భాస్కర్, నీకు తెలుసు కదా?" అన్నాడు. "ఇది విమానాల శ్మశానం. మీ కంపెనీ మూతపడుతోంది. విమానాలు అద్దెకిచ్చినవాళ్ళు వెనక్కి తీసుకుని మా దగ్గర పెడుతున్నారు. మేం విడిభాగాలు తీసి అమ్ముతాం. నీకు దాని మీద ప్రాణం కదా, కడసారి చూపు చూసుకుంటావని పిలిచాను."

అందరి కళ్ళూ నా మీద ఉన్నాయి. శ్రీనివాస్ ఒక్కడే, దూరంగా ఉండటం వల్ల వినబడక, డప్పు వాయిస్తూనే ఉన్నాడు. సుజాత గబగబా వెళ్ళి చెవిలో చెప్పింది. డప్పు ఆగింది.

"అన్నా," అని అక్కడి నుంచే కేకేశాడు. "ఆపాల్నా, దరువు మార్చాల్నా? గా దరువు గూడ నాకొస్తది!"

డాక్టర్ గారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "ఏమోయ్," అన్నారు చాలా నెమ్మదిగా. "ప్రసూతి వార్డని చెప్పి మార్చురీకి తీసుకొచ్చావా నన్ను?"

నేను నాగజెముడు పొద వెనక్కి వెళ్ళింది అప్పుడే.

అక్కడ నిలబడి, ముళ్ళ సందుల్లోంచి నా పరువు గంగలో కలవడం చూస్తున్నాను. కానీ కలవలేదు. ఎందుకంటే సుజాత ఉన్న విషయమంతా వాళ్ళమ్మకి చెప్పింది. అత్తయ్య గారు ఒకసారి విమానం వైపు, ఒకసారి కెప్టెన్ వైపు చూశారు.

"సరేలే. హారతి ఇచ్చేశాం, ఇక వెనక్కి తీసుకుంటామా ఏంటి? ముందు ఆయనకి పులిహోర పెట్టండి. మొహం చూడండి, ఎలా పీక్కుపోయిందో."

ఎవరో చాప పరిచారు. చనిపోయిన విమానం రెక్క నీడలో, సూటు వేసుకున్న గుండె డాక్టరు పక్కన, మెళ్ళో దండతో కెప్టెన్ బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. సుజాత ఆయనకు నా అభిమానం సంగతి, పాస్తా సంగతి, గ్యారీ మాటలకు నేను చెప్పుకున్న అర్థాల సంగతి పూసగుచ్చినట్టు చెప్పింది. కెప్టెన్ వింటూ వింటూ ముసిముసిగా మొదలుపెట్టి, చివరికి పులిహోర పొలమారేలా నవ్వాడు. ఆ కంపెనీలో చేరినప్పుడు విమానాలు వేళ్ళ మీద లెక్కపెట్టేలా ఉండేవనీ, మాల్దీవుల్లో దిగితే పిల్లలు చేతులూపేవారనీ, తర్వాత సముద్రాలన్నీ దాటామనీ, చివరి ఏడాది ఖాళీ సీట్లకే గుడ్ మార్నింగ్ చెప్పామనీ చెప్పాడు. "ఇవాళ గుట్టుచప్పుడు కాకుండా దిగి, కాగితాలు అప్పజెప్పి వెళ్ళిపోవాలనుకున్నాను," అన్నాడు. "మీరు తప్పుగా వచ్చారు. కానీ వచ్చారు."

డాక్టర్ గారు కళ్ళజోడు తుడుచుకుని లేచారు. రాసుకొచ్చిన ఉపన్యాసాన్నే, క్రియలన్నీ అప్పటికప్పుడు భూతకాలంలోకి మార్చి మళ్ళీ చదివారు. ఈసారి గ్యారీ కూడా ఏడ్చాడు. పుప్పొడి కాదని ఒప్పుకుంటున్నాను.

"ఇంతకీ ఈయన ఇంటికెలా వెళ్తాడు?" అన్నారు అత్తయ్య గారు. "ఉన్న విమానం ఇక్కడే పెట్టేశాడాయె."

సుజాత అడిగింది. కెప్టెన్ మొహం మళ్ళీ వాడిపోయింది. ఫీనిక్స్ నుంచి చికాగో, అక్కడి నుంచి ఫ్రాంక్‌ఫర్ట్, అక్కడి నుంచి మిలాన్. మామూలు ప్రయాణికుడిగా, అదీ ఒంటరిగా; కుర్ర పైలట్ కొన్నాళ్ళు అమెరికాలోనే ఉండిపోతాడట. జీవితమంతా ముందు తలుపులోంచి దిగి, సిబ్బంది దారిలో వెళ్ళినవాడు ఆయన. ఆ పెద్ద ఎయిర్‌పోర్ట్‌లలో ఎటు వెళ్ళాలో, లోపల తిరిగే రైళ్ళలో ఏది ఎక్కాలో తెలియదట. "నిజం చెప్పాలంటే భయంగా ఉంది," అన్నాడు.

అత్తయ్య గారు బుగ్గన వేలేసుకున్నారు. "విమానాలు నడిపేవాడికే భయమా!" అని, కెప్టెన్ ఎదురుగా చాప మీద సర్దుకు కూర్చున్నారు. "సుజా, చెప్పవే ఈయనకి. చీర కట్టుకున్నవాళ్ళ వెనక పోవద్దని చెప్పు. గేటు దగ్గరికి వెళ్ళి కూర్చున్నాక కూడా పక్కవాణ్ణి అడగాలి. చక్రాల కుర్చీ తెస్తే ఎక్కెయ్యమను, సిగ్గుపడొద్దు, వాళ్ళు దగ్గరుండి దింపుతారు. నేనెక్కాగా!"

సుజాత ఇంగ్లీషులో చెప్పింది. వేల గంటలు ఆకాశంలో తిరిగిన ఆ కెప్టెన్, మా అత్తగారి మాటలు ఒక్కొక్కటీ తల ఊపుతూ విన్నాడు. చెప్పడం పూర్తయ్యేసరికి అత్తయ్య గారి వెన్ను నిటారుగా అయింది.

"చెప్తుంటే అంత కష్టమేమీ కాదనిపిస్తోందే," అన్నారు సుజాతతో. "కాన్పుకి వచ్చేస్తాలే."

సుజాత నా కోసం చుట్టూ చూసింది. పొద వెనక చొక్కా ముళ్ళకు తగులుకుని కదల్లేకపోతున్న నన్ను శ్రీనివాస్ వచ్చి విడిపించాడు. ఆ రోజు సాయంత్రం ఇంట్లో చారు అమృతంలా ఉంది.

అన్నట్టుగానే అత్తయ్య గారు వెళ్ళి, మళ్ళీ వచ్చారు. దారిలో ఎవరో కంగారుపడుతున్న అమెరికా దంపతులను కూడా వాళ్ళ గేటు దగ్గర దింపి వచ్చానని చెప్పుకున్నారు, ఏ భాషలోనో మాత్రం చెప్పలేదు. పాప పుట్టింది. నేను పాపకి సోలె అని పేరు పెడదామంటే సుజాత చూసిన చూపు ఇక్కడ రాయడం నా వల్ల కాదు.

అంతా సద్దుమణిగిందనుకున్నాక, ఒక రోజు గ్యారీ తలుపు తట్టాడు.

"భాస్కర్, ఒక సహాయం. ఈ శనివారం ఇంకో కంపెనీ విమానం వస్తోంది. బ్రూనో అందరికీ చెప్పినట్టున్నాడు. ఆ పైలట్లు నాకు ఫోన్ చేసి, మీ అరిజోనాలో విమానాలకు అంత్యక్రియలు చేసే ఇండియన్ పూజారి ఉన్నాడట కదా, ఆయన దొరుకుతాడా అని అడుగుతున్నారు."

కాబట్టి పాఠకులారా, మీ అందరి ఎదుటా గంభీరంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట ఎవరి కంపెనీనీ మా కంపెనీ అనను. ఎవరేం చెప్పినా అర్థం సుజాతనే అడుగుతాను. ఏ విమానమైనా సరే, వస్తోందని తెలియగానే ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకుంటాను తప్ప ఎదురు వెళ్ళను. ఈ ప్రతిజ్ఞ ఆదివారం నుంచి అమల్లోకి వస్తుంది. శనివారం పులిహోరకి అత్తయ్య గారు ఇప్పటికే చింతపండు నానబెట్టేశారు.